గుండీ దగ్గర ఆగిన గొంతు

నవంబరు 8, శుక్రవారం

ఇవాళ కథ చదువుతూ చదువుతూ మధ్యలో ఆగాను.

రాయడానికే తల కొట్టేసినట్టుంది. బస్టాండులో ఇన్నేళ్ళుగా వినిపిస్తున్నది నా గొంతే. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎవరి సామాను వాళ్ళే ఎందుకు చూసుకోవాలో ఊరందరికీ చెప్పేది నేనే. ఎన్నడూ ఒక్క అక్షరం తడబడలేదు. పుస్తకాలు బైండింగు చేసే బైండరు బాబాయి తన దుకాణంలో శుక్రవారం సభకి కథలు చదవమని నన్ను పిలిచి కూర్చోబెట్టిందీ అందుకే. "నీ గొంతులో నీ అభిప్రాయం వినపడదమ్మాయ్, మాక్కావలసింది అదే" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తెలీదు.

ఇవాళ దుకాణం అటకమీదికి కొత్తవాళ్ళు కొందరొచ్చారు. ఎండైనా వానైనా గొడుగు వదలని మా గొడుగు కవి వాళ్ళకి మా ఆచారం పుట్టిన కథ చెప్పాడు. వెనకటికి మా సందులో ఎదురెదురు ఇళ్ళలో ఇద్దరు రచయితలుండేవాళ్ళట. చెయ్యి చాపితే ఒకరి కిటికీ ఇంకొకరికి అందేది. ఒకాయన రాసింది రెండో ఆయన చదవకుండానే చీల్చి చెండాడేవాడు. బైండరు బాబాయి వాళ్ళ తాత విసిగిపోయి దుకాణంలో ఒక చెక్కపెట్టె పెట్టి, "పేరు రాయకుండా ఇందులో వెయ్యండి. నా చేతిరాతలో ఎత్తిరాసుకుని మీ కాగితాలు పొయ్యిలో పడేస్తాను. మూడో మనిషి చదువుతాడు. ఎవరు రాశారని అడిగినవాళ్ళు మళ్ళీ నా మెట్లెక్కడానికి లేదు" అన్నాడట. మొదటి శుక్రవారమే ఆ ఇద్దరూ తెలియక ఒకరి కథని ఒకరు ఆకాశానికెత్తేశారు. తెలిశాక ఆ సిగ్గుతో మళ్ళీ మాట్లాడుకోలేదట. చెప్పినప్పుడల్లా ఈ కథ కాస్త పెరుగుతుంది. ఇవాళ అందులోకి ఒక పిల్లి కూడా వచ్చి చేరింది.

తర్వాత నేను చదివాను. పాత ఇల్లు కూలగొట్టడానికి కొలతలు తీసుకుందామని ఒక పెద్దాయన వస్తాడు. ఇరుకు మెట్ల మధ్య ఇరుక్కుపోతాడు. పైకీ రాడు, కిందికీ పోడు. ఇంట్లోవాళ్ళు మర్యాదస్తులు, ఏం చేస్తారు? మూడు పూటలా అన్నం పెడతారు. శనివారాలు దులుపుతారు. చివరికి ఆయన భుజాలమీద బట్టలు కూడా ఆరేస్తారు. మా సందులన్నీ పడగొట్టి రోడ్డు వేస్తానంటున్న చైర్మన్ గురించేనని చిన్నపిల్లలక్కూడా తెలుస్తుంది. జనం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

అప్పుడొచ్చింది ఆ వాక్యం. "ఆ ఇంటి ఇల్లాలు నల్ల గుండీ పట్టుకుని కెటిల్ మూత తీసి, పెద్దాయన కప్పులో టీ పోసింది."

నా నోరు ఆగిపోయింది. నల్ల గుండీ అన్నాక మాట రాలేదు. అందరూ నావైపు చూశారు. నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నాను.

మా కెటిల్ మూత పిడి ఊడిపోతే మామయ్యగారి పాత కోటు గుండీ ఒకటి దారంతో కట్టాను. నల్లది. చాలా ఇళ్ళల్లో అలాగే కడతారు.

ఇంటికి రాగానే అత్తయ్య ఎప్పటిలాగే "ఇవాళ ఏ కథ చదివావు? ఎవరైనా నవ్వారా?" అని అడిగింది. మా ఆయన ప్రూఫు కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

నవంబరు 9, శనివారం

చాలా ఇళ్ళల్లో అలాగే కడతారు.

ఆయనకి కథలంటే చిరాకు. ప్రెస్సులో పొద్దస్తమానం ఇంకొకళ్ళ తప్పులు దిద్దే మనిషి ఇంటికొచ్చి తను రాస్తాడా? వేళ్ళకి పెన్సిలు మసి ఉందంటే ప్రూఫులు దిద్దడం వల్లే. పనికిరాని ప్రూఫు కాగితాలు ఇంటికి తెస్తాడంటే అలమరలో పరవడానికే. ఇంకెందుకు తెస్తాడు?

నవంబరు 12, మంగళవారం

గొడుగు కవి మొహం పాలిపోయి వచ్చాడు. ఆ శుక్రవారం నేను చదువుతుంటే ఫోనులో రికార్డు చేశాడట. మంచం మీదున్న వాళ్ళ అక్కని నవ్వించడానికి పంపాడట. ఆవిడ నవ్వి ఇంకెవరికో పంపింది. వాళ్ళు నవ్వి ఇంకెవరికో.

"ఊరంతా వింటున్నారమ్మా. మొదటి మాటకే పోల్చేస్తున్నారు, బస్టాండు గొంతు కదా" అన్నాడు. ఇంకేదో అనబోయి గొడుగు మొన చూసుకుంటూ నిలబడ్డాడు. కోప్పడదామనుకున్నాను. కూర్చోమని నీళ్ళిచ్చాను.

రాసిన మనిషి చేతిరాత బూడిదైపోయింది. పేరు ఎవరికీ తెలీదు. ఊరి చెవుల్లో మిగిలింది నా గొంతు ఒక్కటే.

నవంబరు 14, గురువారం

చైర్మన్ కారు మార్కెట్టు దగ్గర ఆగితే ఎవరో "మెట్లాయన వచ్చాడు, బట్టలు తెండి, ఆరేద్దాం" అని అరిచారట. మా టిక్కెట్లాయన చెప్పి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. అరికాళ్ళు చెమటలు పట్టి చెప్పులు జారుతున్నాయి.

నవంబరు 15, శుక్రవారం

సభ లేదు. దుకాణానికి సీలు వేశారు. చెక్కపెట్టె పట్టుకుపోయారు. బైండరు బాబాయిని పొద్దున తీసుకెళ్ళి సాయంత్రానికి వదిలారు. చూద్దామని వెళ్తే తలుపు ఓరగా తీసి, "నాకు తెలీదని చెప్పాను తల్లీ. నిజంగానే తెలీదు కాబట్టి బతికాను. నీకూ తెలీదు కదా?" అన్నాడు.

తెలీదన్నాను.

ఆయన నా మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూశాడు. శుక్రవారం ముందు వరసలో కూర్చున్నాడు కదా, నేను ఆగడం ఆయనకి తెలుసు. "మంచిది" అని తలుపు వేసేశాడు.

నవంబరు 17, ఆదివారం

పక్క సందులో పత్రికాయన వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చైర్మన్ మీద ఏదో రాశాడని పోయినేడాది పది నిమిషాల పనుందని పిలిచారు. చలికాలం వెళ్ళాక వచ్చాడు. ఒంటిమీద దెబ్బ లేదు. కానీ తన ఇంటి తలుపు ముందు నిలబడి, ఎవరైనా వెళ్ళమంటే గాని లోపలికి వెళ్ళడు. ఇవాళ నన్ను చూసి "లోపలికి పోవచ్చా?" అని అడిగాడు. మీ ఇల్లేనండీ, వెళ్ళండి అన్నాను. థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

మా ఆయన్ని అలా ఊహించుకున్నాను. వద్దనుకున్నా మనసు అక్కడికే పోతోంది.

నవంబరు 18, సోమవారం

పిలిచారు.

విచారణకి కూర్చున్న ఆఫీసరు అరవలేదు, అదే భయం. కుర్చీ తనే జరిపాడు. గదిలో ఒక మూల గుమస్తా టైపు చేస్తున్నాడు. ఆఫీసరు గొంతు బిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని, ఫోనులో నా గొంతు పెట్టాడు. కథ మొదటి నుంచీ చివరిదాకా ఇద్దరం విన్నాం. నా గొంతుని నేను అసహ్యించుకోవడం ఇదే మొదలు.

"మీ అభిమానినండీ నేను. చిన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు రోజూ బస్సులోనే వెళ్ళేవాణ్ణి. మీరు ఎప్పుడూ తడబడగా వినలేదు" అన్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టాడు. నల్ల గుండీ. తర్వాత ఏమీ లేదు. ఎవరో దగ్గారు. గ్లాసు చప్పుడు.

"ఇక్కడెందుకు ఆగారు?"

"గొంతు ఆరిపోయిందండీ."

"అవును, ఆరిపోతుంది." బిళ్ళల పొట్లం నా ముందుకి తోశాడు. "తీసికెళ్ళండి. శుక్రవారం వచ్చి ఇదే కథ నా ముందు చదవండి. గొంతు ఆరితే మనిషి ఎక్కడైనా ఆగుతాడు. మళ్ళీ అక్కడే ఆగితే మాత్రం గొంతు గొడవ కాదది. ఆ గుండీ మీకు తెలుసన్నమాట. అప్పుడు మీ ఇంటికొచ్చి ఒక కప్పు టీ తాగుతాను. మీ ఇంట్లో ఎవరెవరున్నారన్నారు?"

నేను అనలేదు. అతనే చెప్పాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే భర్త అన్నాడు. పెద్దావిడ ఒకరు అన్నాడు. భర్త అన్న మాట దగ్గర కాస్త ఆగి మరీ చెప్పాడు.

నవంబరు 19, మంగళవారం

ఇంట్లో చెప్పక తప్పలేదు. గొంతు బిళ్ళలతో సహా అంతా చెప్పాను. ఆఫీసరు బిళ్ళ ఏ బుగ్గన పెట్టుకున్నాడని అత్తయ్య అడిగింది. ఎడమ బుగ్గన అన్నాను. పెద్దవాళ్ళకి ఏది భయమో ఏది కాదో బొత్తిగా తెలీదు.

ఆయన అన్నం సగంలో వదిలేసి లేచాడు.

నవంబరు 20, బుధవారం

వంటింట్లో ఎవరూ లేకుండా చూసి కెటిల్ మూత దారం కత్తిరించాను. గుండీ అరచేతిలో ఉండగా ఆయన వచ్చాడు. దాన్ని చూశాడు. నన్ను చూశాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. "జాగ్రత్త" అని బయటికి వెళ్ళిపోయాడు.

ఇంకా ఏం కావాలి నాకు? ఏ తప్పూ చెయ్యని మనిషి గుండీని చూసి అలా అయిపోతాడా?

చాలా ఇళ్ళల్లో అలాగే కడతారని ఇక రాయలేను. ఆయనే రాశాడు. నాకు చెప్పకుండా రాశాడు. నా నోటితోనే దాన్ని చదవనిచ్చాడు. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. ఆ గదిలో ఆ కుర్చీలో ఆయన కూర్చుంటే తట్టుకోలేడు. దోమ కుడితేనే తట్టుకోలేని మనిషి.

గుండీని అలమరలో బట్టల వెనక పెట్టాను. సాయంత్రం టీ పెడదామని చూస్తే మళ్ళీ మూతకే కట్టి ఉంది, గట్టిగా, రెండు పేటల దారంతో. "మీ మామయ్య కోటుది అది. మూత వేడెక్కి చెయ్యి కాలుతుంటే ఎలా తియ్యమన్నావు?" అంది అత్తయ్య. "గుండీ తీసేస్తే నీ గొంతు బాగవుతుందా? రేపు నా ముందు చదువు. బైండరు దగ్గర చదివిన కాగితాలు నీ సంచిలోనే ఉన్నాయిగా."

నవంబరు 21, గురువారం

ఈ డైరీ ఎవరి చేతికైనా చిక్కితే అంతే సంగతి, కానీ ఇవాళ్టిది రాయకుండా ఉండలేను.

మధ్యాహ్నం వంటింట్లో కూర్చున్నాం. అత్తయ్య బల్లమీద కెటిల్ సరిగ్గా నా కళ్ళకెదురుగా పెట్టి, "దీన్ని చూస్తూ చదువు" అంది. తను నా కోటు ఒళ్ళో పెట్టుకుని చిరుగు కుడుతోంది. ఆయన ప్రెస్సుకి వెళ్ళలేదు, తలుపు దగ్గర నిలబడ్డాడు.

చదివాను. నల్ల గుండీ దగ్గర ఆగాను.

మళ్ళీ మొదటి నుంచి చదివాను. మళ్ళీ అక్కడే ఆగాను. ఈసారి గుండీ అన్న మాట కూడా పూర్తిగా రాలేదు. ముందు వాక్యం నుంచే నా ఊపిరి మారిపోతోంది, నాకే తెలుస్తోంది. మళ్ళీ మొదలుపెడుతుంటే ఆయన చరచరా లోపలికొచ్చి నా చేతుల్లో కాగితాలు లాక్కున్నాడు.

"ఇక చాలు! రేపు నువ్వు వెళ్ళొద్దు. నేను వెళ్తాను. నేనే రాశానని చెప్పేస్తాను."

"మీరే కదా రాసింది!" అని అరిచాను. ఏడుపు తన్నుకొచ్చింది. "నాతో ఒక్క మాటైనా అనకుండా!"

"నేనా? నువ్వు కాదూ?"

"నేనెందుకు రాస్తాను?"

"గుండీ కట్టింది నువ్వు. చదివింది నువ్వు. నిన్న దాన్ని కత్తిరించి దాచింది నువ్వు. నేనేమనుకోవాలి? ఈ పదిరోజులూ నువ్వే రాశావని ఛస్తున్నాను!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయాం. అత్తయ్య దారం పళ్ళతో కొరికింది.

"అక్కడ ఆగొద్దమ్మాయ్. రాసేటప్పుడు నేను ఆగలేదు."

ఇద్దరం నోళ్ళు తెరిచి ఆవిడవైపు తిరిగాం. ఆవిడే మళ్ళీ అంది. "నోళ్ళు మూసుకోండి, ఈగలు దూరతాయి. వీడు తెచ్చే ప్రూఫు కాగితాల వెనకవైపంతా ఖాళీయే కదా. వీడి పెన్సిలే. మార్కెట్టుకి వెళ్తూ వెళ్తూ పెట్టెలో వేసేదాన్ని. మీ మామయ్య పోయినప్పటి నుంచీ రాస్తున్నాను."

అప్పుడు ఒక్కొక్కటిగా అన్నీ గుర్తుకొచ్చాయి. అంతకుముందు ఒక శుక్రవారం నేను చదివిన నూతిలో పడ్డ కుర్చీ కథ ఆవిడదేనట. చప్పగా ఉంది, ఎవరికో పనీపాటా లేదని ఇదే వంటింట్లో నేను అన్నాను. ఆ వారమంతా నాతో ముభావంగా ఉంటే మోకాళ్ళ నొప్పులనుకున్నాను.

ఆయన నేలమీద కూలబడి, "అమ్మా, వాళ్ళకి తెలిస్తే నిన్ను..." అన్నాడు. పత్రికాయన అరుగు మా ముగ్గురికీ కనిపించింది.

"తెలిస్తే ఏం చేస్తారో నాకు తెలుసురా. అందుకే అంటున్నాను, ఆగకూడదని" అంది. అప్పుడు చూశాను, దారం కొస సూది బెజ్జంలోకి పోవటంలేదు. సూదిలో దారం ఎక్కించమని నా చేతికిచ్చింది. "నువ్వు ఆగింది మీ ఆయన రాశాడేమోనన్న భయంతో. నేను రాశానని ఇప్పుడు తెలిసిందిగా. ఇది నీది కాదు, వాడిది కాదు. ఒక ముసలావిడ రాసిన కథ. బస్సు ఎక్కడుందో చెప్పినట్టు చదివెయ్యి."

చీకటి పడేదాకా చదివాను. మొదట్లో ఇంకా ఎక్కువ ఆగాను. ఆయన కోసం భయపడ్డ దాని కంటే ఆవిడ కోసం భయం ఇంకా ఎక్కువగా ఉంది. తనకి డెబ్బై దాటింది. మెట్లు దిగడానికే గోడ పట్టుకోవాలి. కానీ ఆగిన ప్రతిసారీ ఆవిడ బల్లమీద వేలితో కొట్టి "మొదటి నుంచీ" అంది. చివరికి నోరు అలిసిపోయి, అర్థం ఊడిపోయి, గుండీ వట్టి గుండీ అయింది.

నవంబరు 22, శుక్రవారం

పొద్దున కోటు తొడుక్కుంటే పైనుంచి రెండో గుండీ కొత్తగా ఉంది. నల్లది. కెటిల్ మూతకి ఏమీ లేదు.

"కోటు మీద గుండీని ఎవరూ చూడరు" అంది అత్తయ్య. ఆయన అప్పటికే కోటు వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. నేను చీకటిపడేలోగా రాకపోతే తనే వచ్చి ఒప్పేసుకుంటాడట. వద్దని నేనూ అనలేదు. ఏ దారి మంచిదో ఎవరికి తెలుసు?

ఆఫీసరు రికార్డు విని టైపు చేయించిన కాగితాలు నా చేతికిచ్చి, గొంతు బిళ్ళ ఇచ్చి, నా మొహానికి ఎదురుగా కూర్చున్నాడు. గుమస్తా మూలన ఉన్నాడు. మొదలుపెట్టాను. పెద్దాయన వచ్చాడు. మెట్లెక్కాడు. ఇరుక్కున్నాడు. ఆఫీసరు కాగితం చూడటంలేదు, నా గొంతునే చూస్తున్నాడు. ఆ వాక్యం పేజీలో ఎక్కడుందో నాకు ముందే కనిపిస్తోంది, వస్తోంది, వస్తోంది. అతను కొంచెం ముందుకి వంగాడు. గుండీ నా గుండెలమీద ఉంది. గుండె కొట్టుకుంటుంటే అది కదులుతోందేమో, అతనికి కనిపిస్తోందేమో అనిపించింది.

ఆ ఇంటి ఇల్లాలు నల్ల గుండీ పట్టుకుని కెటిల్ మూత తీసి, పెద్దాయన కప్పులో టీ పోసింది.

అయిపోయింది. తర్వాత వాక్యంలో ఉన్నాను. భుజాలమీద బట్టలు ఆరేసే చోట గుమస్తా ఫక్కున నవ్వాడు. ఆఫీసరు అటు తిరిగాడు. నవ్వు తెగిపోయింది. పాపం అతను మళ్ళీ తలెత్తలేదు.

చివరిదాకా చదివి కాగితాలు బల్లమీద పెట్టాను. ఆఫీసరు వాటిని దొంతరగా సర్దాడు. "నిజంగా గొంతేనన్నమాట" అన్నాడు. నమ్మాడో లేదో నాకు తెలీదు. వెళ్ళమన్నాడు. తలుపు దాకా వచ్చాక, "మీ టీ బాకీ ఉండిపోయింది" అన్నాడు.

మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. వీధి చివర ఆయన నిలబడి ఉన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఎప్పుడూ పట్టుకోడు.

అత్తయ్య గుమ్మంలోనే అడిగింది. "ఆగావా?"

"లేదత్తయ్యా."

కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుంది. ఆవిడ ఏడవడం నేను చూడలేదు ఇంతవరకూ. తుడుచుకున్నాక మెల్లగా అడిగింది.

"ఎవరైనా నవ్వారా?"

"గుమస్తా నవ్వాడు."

"ఎక్కడ?"

నవంబరు 23, శనివారం

బస్టాండులో కొత్త గొంతు. చిన్నపిల్ల ఎవరో. బాగానే చెబుతోంది. నన్ను లోపలికి రానివ్వలేదు.

నవంబరు 26, మంగళవారం

ఇంటి ముందు ఏ కారు ఆగినా లేచి నిలబడుతున్నాను. కెటిల్ మూత గుడ్డతో పట్టుకుని తీస్తున్నాం. రోజుకి ఒకళ్ళమైనా వేళ్ళు కాల్చుకుంటున్నాం.

నవంబరు 28, గురువారం

గొడుగు కవి వచ్చాడు. రేపు వాళ్ళ వెనక గదిలో సభ పెడుతున్నారట. బైండరు బాబాయి కూడా వస్తానన్నాడట. "ఫోన్లన్నీ గుమ్మం బయట నా గొడుగు తిరగేసి అందులో వేయిస్తాను. ముందు నాదే వేస్తాను" అన్నాడు. చదివేవాళ్ళు లేరట. ఎవరూ ఒప్పుకోవటంలేదట. నన్ను అడగలేదు. అడగలేక గొడుగు మొన చూసుకుంటూ నిలబడ్డాడు.

నా వల్ల కాదని చెప్పి పంపేశాను. ఇక చాలు. మాకు ముగ్గురం కలిసి అన్నం తింటే చాలు.

అతను వెళ్ళాక అత్తయ్య లోపలికి వెళ్ళి కాగితాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ప్రూఫు కాగితాల వెనకవైపు, పెన్సిలుతో. "పెట్టె లేదుగా. అందుకని నీ చేతికే" అంది. "చదవమని కాదు. ఊరికే చూడు. చప్పగా ఉంటే చెప్పు."

మొదటి వాక్యం చూశాను. "ఒక ఊళ్ళో ఒక ఆఫీసరు ఉండేవాడు. ఎవరినైనా భయపెట్టే ముందు గొంతు బిళ్ళ ఒకటి ఎడమ బుగ్గన పెట్టుకునేవాడు."

పైప్రాణాలు పైనే పోయాయి. కాగితాలు కిందపడ్డాయి. ఇది ఎవరో ఒకరు అతని చెవిన వేస్తే ఇంకేం అడగక్కర్లేదు, తిన్నగా మా ఇంటికే వస్తాడు. ఏరుకుని పొయ్యిలో పడేద్దామని లేచాను. నిజంగానే లేచాను. పొయ్యి దాకా వెళ్ళేలోపు రెండో వాక్యం చదివాను. మూడోది చదివి నవ్వొచ్చింది. అత్తయ్య తలుపు చాటు నుంచి చూస్తోందని తెలుసు. "ఎక్కడ?" అని అడగకుండా నోరు నొక్కుకుని ఉంది.

ఆయన్ని కూర్చోబెట్టి చదివి వినిపించాను. విన్నంతసేపూ గోళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాడు. అయ్యాక లేచి ఆ కాగితాలు తీసుకుని, తన చేతిరాత కాకుండా పెద్ద పెద్ద అచ్చక్షరాలతో ఎత్తిరాయడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నారని అడిగాను. "బైండరు బాబాయి దుకాణానికి సీలు వేశారు కదా, ఎత్తిరాసేదెవరు?" అన్నాడు. అమ్మ కాగితాలు ఒక్కొక్కటే పొయ్యిలో పెట్టాడు.

బిళ్ళ దగ్గర ఆగుతున్నాను. ఎడమ బుగ్గ దగ్గర ఆగుతున్నాను. రేపు సభలో చదివేది నేనే, సాయంత్రంలోగా ఆగకుండా రావాలి. అత్తయ్య బిళ్ళల పొట్లం తెచ్చి బల్లమీద నా కళ్ళకెదురుగా పెట్టింది.

"మొదటి నుంచీ" అంది.